దాచేపల్లి శకుని

కూర్చోండిరా, నెగడుకి మరీ దగ్గరగా వద్దు. గాలి ఇటు తిరిగిందంటే మిరపకాయ ఘాటు గొంతులో పడుద్ది, తెల్లార్లూ దగ్గుతానే ఉండాలి. కాయ కల్లంలో ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరం ఇక్కడ కాపలా పడుకోవాల్సిందే గదా, ఆ వేళ కాస్తా ఏదో ఒకటి చెప్పుకుందాం. దెయ్యాల కథ వద్దు. ఇవాళ శకుని గురించి చెప్తా. భారతంలో శకుని గురించి మీ నాయనమ్మ చెప్పే ఉంటది. నేను చెప్పేది ఆ వేషం కట్టిన మనిషి గురించి. మన పల్నాటి మనిషి.

ధూళిపాళ సీతారామశాస్త్రి గారు. సినిమా వాళ్లకీ, మాకూ వొట్టి ధూళిపాళే. 1922 సెప్టెంబరు 24న దాచేపల్లిలో పుట్టారు. హైదరాబాదు పోయే బస్సు ఎక్కితే పిడుగురాళ్ల దాటాక వచ్చుద్దే, నాగులేటి ఒడ్డున, ఆ దాచేపల్లే. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నారు గానీ, అప్పుడు మనమంతా గుంటూరు జిల్లానే. ఒంగోలు కూడా మనలోనే ఉండేది. 1970లో వాళ్లు విడిపోయి, తర్వాత ప్రకాశం జిల్లా అయింది.

ఆయన పుట్టేనాటికి పల్నాడంటే మీరు చూస్తున్న పల్నాడు కాదు. కాలవ లేదు, ఈ మిరప తోటలు లేవు, తెల్లగా విరగబూసిన పత్తి చేలు లేవు. జొన్న, వరిగ, కాస్త కంది. వాన పడితే తిండి, లేకపోతే వలస. వరన్నం పండక్కో పెళ్లికో. శ్రీనాథుడంతటి వాడు ఈ జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అట్టాంటి నేల మీద జనానికి మిగిలిన సంపదల్లా కథ. కారంపూడిలో వీరుల తిరునాళ్లకి పల్నాటి వీరుల కథ తరతరాలుగా పాడతానే ఉన్నారు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, ఓడిపోయిన వాళ్లు ఊళ్లు వదిలి అరణ్యం పోవడం. ఒక్క నిమిషం ఆలోచించండి. భారతంలో పాచికలు, మన పల్నాట్లో కోడిపుంజులు. ఆటలో రాజ్యం పోవడం, మాట కోసం అడవులు పట్టడం, ఆఖరికి యుద్ధం. ఆ కథ వింటా పెరిగిన నేల మీది పిల్లాడే పెద్దయ్యాక పాచికలు చేతబట్టి శకుని అయ్యాడు. దీన్ని కాకతాళీయం అని నేననుకోను. పందెం అంటే ఏంటో, దాని వెనకాల పగ ఎట్టా ఉంటదో ఈ నేలకి పుస్తకం చెప్పక్కర్లా.

ఇంట్లో వాళ్లు ఆయన్ని 1935లో వేదం చదువుకోమని బాపట్ల పంపారు. అక్కడ శంకర విద్యాలయంలో చేరారు. పదమూడేళ్ల పిల్లాడు. వేదం చదువుకోమని పంపారు గానీ, పంపింది ఏ ఊరికి? బాపట్లకి! ఆ రోజుల్లో బాపట్ల, తెనాలి అంటే నాటకాలకి పుట్టిళ్లు. పిల్లాడు గురువుగారి కన్నుగప్పి నాటకాలకి పోయేవాడంట. పోడా మరి!

బాపట్ల పేరెత్తాక స్థానం నరసింహారావు గారి సంగతి చెప్పకుండా ముందుకు పోతే పాపం. ఆయన బాపట్లలోనే 1902లో పుట్టారు. 1920లో ఆ ఊళ్లో హరిశ్చంద్ర నాటకం పెట్టారు. చంద్రమతి వేషం కట్టాల్సిన మనిషి రాలా. ఈ కుర్రాడు నేను కడతానన్నాడు. కట్టాడు. అంతే, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఆంధ్రదేశంలో సత్యభామ అంటే ఆయనే, చింతామణి అంటే ఆయనే, రోషనార అంటే ఆయనే. తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి వేషాలు కట్టారు. మా నాయన ఆయన సత్యభామని చూశాడు. ఆ జడ పట్టుకుని నడిచే నడక చెప్పబోయి, చేతకాక, ఊరికే కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఆడవాళ్లు సైతం ఆయన చీరకట్టు చూసి నేర్చుకునేవాళ్లని అనుకునేవాళ్లు. తులాభారం నాటకంలో సత్యభామ పాడే పాట ఆయనే రాసుకున్నారు. 1966లో సినిమా తీసినప్పుడు కూడా ఆ పాటే పెట్టారు, జమున గారు అభినయించారు, సుశీలమ్మ పాడింది. రంగూన్ పోయి ఆడితే అక్కడి తెలుగువాళ్లు బంగారు కిరీటం పెట్టారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మీసం తీసేసి చీర కట్టే మనిషిని చూసి నవ్వే లోకంలో, ఆయన్ని చూసి ఒక్కడు నవ్వలా. నటన అంటే ఎంత గౌరవంగా బతకొచ్చో ఆయన్ని చూసి తెలుసుకున్నారు తర్వాతి వాళ్లు.

ఇంకొకాయన కల్యాణం రఘురామయ్య గారు. చేబ్రోలు దగ్గర సుద్దపల్లి. 1901లో పుట్టారు. స్థానం వారు సత్యభామ అయితే ఈయన కృష్ణుడు. పద్యం మామూలుగా పాడి, తర్వాత వేలు నోట్లో పెట్టుకుని అదే పద్యాన్ని ఈలలో పాడేవారు. రాగం, గమకం, ఆఖరికి మాట కూడా తెలిసిపోయేదిరా ఆ ఈలలో! నేను విన్నాను గాబట్టి చెప్తున్నా. అప్పటికి ఆయన పెద్దవయసు వాడు. అయినా జనం వదిల్తేనా? వన్స్ మోర్, వన్స్ మోర్. ఈలపాట రఘురామయ్య అని పేరే అట్టా పడిపోయింది. 1975లో పోయారు.

ఇట్టాంటి వాళ్లు తిరిగే గడ్డ మీద వేద పాఠశాలలో కూర్చున్న పిల్లాడి చెవి ఎటు పోద్ది? అయితే ఒకటి చెప్తా వినండి. ఆ వేదం చదువు వృథా పోలా. వేదం నేర్పేటప్పుడు ముందు నేర్పేది ఊపిరి. ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి, ఏ అక్షరం మీద ఎంతసేపు నిలవాలి. ఒత్తు మింగితే గురువు ఊరుకోడు. తర్వాత ముప్ఫై, నలభై ఏళ్లకి మనం సినిమాలో ధూళిపాళ గొంతు విని, అబ్బ, ఒక్కో అక్షరం విడివిడిగా వినపడుతుందే అనుకున్నామంటే దాని పునాది ఆ పాఠశాల అరుగు మీద పడ్డదే. నా నమ్మకం అది.

అక్కణ్ణించి గుంటూరు చేరారు. కొన్నాళ్లు ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేశారు. గుంటూరంటే ప్లీడర్ల ఊరు గదా. పగలు కాయితాలు రాయడం, రాత్రి నాటకాలు. 1941లో స్టార్ థియేటర్ అని సొంత సమాజం పెట్టుకున్నారు. అప్పటికి పంతొమ్మిదేళ్ల కుర్రాడు. మొదట కట్టినవి ఆడవేషాలే. ఆ రోజుల్లో సన్నగా, గొంతు లేతగా ఉన్న కుర్రాళ్లందరికీ ముందు చీరే కట్టేవాళ్లు. అది తక్కువ కాదు, పెద్ద బడి అది. చీర కట్టి నడవడం వచ్చినవాడికి తన ఒంటి మీద తనకు అదుపు వచ్చుద్ది. తర్వాత గొంతు దిట్టమయ్యాక దుర్యోధనుడు, కీచకుడు. ఆ వేషాలు ఆయనకి జిల్లా అంతటా పేరు తెచ్చినై.

మీకు పద్యనాటకం అంటే టీవీలో అరగంట ముక్క. అది కాదురా. చెప్తా వినండి, ఇది చెప్పకపోతే ధూళిపాళ ఎక్కణ్ణించి వచ్చాడో మీకు తెలియదు.

కోతలు అయిపోయి చేతిలో నాలుగు రూపాయలు ఆడే కాలం. మాఘ మాసం మొదలు ఎండలు ముదిరే దాకా. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కట్టే ఊళ్లన్నిట్లో ఏదో ఒక నాటకం ఉండేది. కాంట్రాక్టరు వచ్చి పెద్దల దగ్గర బయానా తీసుకునేవాడు. కృష్ణుడు ఒక ఊరి నించి, దుర్యోధనుడు ఇంకో ఊరి నించి, అర్జునుడు మరో ఊరి నించి. ముందుగా కలిసి సాధన చేసేది ఏమీ లేదు. ఆ సాయంత్రం బస్సు దిగి, ఎవరో ఒకరి అరుగు మీద కాఫీ తాగి, మొహానికి అర్దళం పూసుకుని స్టేజీ ఎక్కడమే. అందరికీ నాటకం మొత్తం నోటికొచ్చు గాబట్టి సాగేది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు, చిలకమర్తి వారి గయోపాఖ్యానం, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర. ఈ బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు కూడా మన బాపట్ల దగ్గర ఇటికంపాడులో పుట్టినాయనే.

పెట్రోమాక్సు లైట్లు నాలుగు. ముందు వరసలో గోతాలు పరుచుకుని పిల్లలు, వెనక ఆడవాళ్లు, ఆ వెనక బళ్ల మీద కూర్చుని మగవాళ్లు. రాత్రి పది దాటితే గానీ తెర లేచేది కాదు. లేచాక ఇక కోడి కూసేదాకా. మా బాబాయి హార్మోనీ మనిషి. నాటకం మనిషి గొంతు ఆ రాత్రికి ఏ శ్రుతిలో నిలుస్తుందో మొదటి పద్యానికే పసిగట్టేవాడు. ఒక కృష్ణుడు అలిసిపోతాడు గాబట్టి రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. జనం కూడా తక్కువ వాళ్లు కాదు. బడికి పోని వాళ్లకి కూడా పద్యం నోటికొచ్చు. నటుడు ఒక పాదం తప్పితే వెనకాల బండి మీద నించి అందించేవాళ్లు. బాగా పాడితే ఐదు రూపాయలు, పది రూపాయలు చదివింపులు. పాడలేకపోతే మొహమాటం లేదు, దిగిపో అనేవాళ్లు.

అదిరా ఆయన పరీక్ష రాసిన బడి. ఆ జనం ముందు దుర్యోధనుడిగా నిలబడ్డం అంటే మాటలు కాదు. పడక సీనే తీసుకోండి. కృష్ణుడు పడుకుని ఉంటాడు. దుర్యోధనుడే ముందొస్తాడు. కాళ్ల దగ్గర నిలబడటం రాజుకి నామోషీ గాబట్టి తలవైపు ఎత్తైన ఆసనం చూసుకుని కూర్చుంటాడు. ఆ కూర్చోడంలోనే వాడి బతుకంతా ఉంది. ఒక్క పద్యం పాడకముందే ఆ నడకలో, ఆ కూర్చోడంలో జనానికి రాజు కనపడాలి. కనపడకపోతే వేషం పోయినట్టే. మాధవపెద్ది వెంకట్రామయ్య గారి దుర్యోధనుణ్ణి చూసిన కళ్లున్న జనం ముందర ఇంకొకరు ఆ గద పట్టి మెప్పించడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. ధూళిపాళ మెప్పించారు. ఇరవై ఏళ్లు మెప్పిస్తానే ఉన్నారు.

ఇరవై ఏళ్లు అన్నాను చూశారా, ఆ మాట పట్టుకోండి. ఇవాళ మీ వయసు పిల్లలు రెండు నెలల్లో పేరు రాకపోతే ఇక లాభం లేదంటున్నారు. 1941లో సమాజం పెట్టిన మనిషి సినిమాలో మొదటిసారి కనపడింది 1962లో. నలభయ్యో ఏట.

అదెట్టా జరిగిందంటే, మద్రాసులో నాటక పోటీలకి పోయారు. అక్కడ జి.వరలక్ష్మి గారు చూశారు. ఆమెది మన ఒంగోలే, ఆమె కూడా నాటకాల్లోంచి సినిమాకి పోయిన మనిషే. స్టేజీ మీద మనిషి విలువ స్టేజీ మనిషికే తెలుసుద్ది. ఆమె పోయి దర్శకుడు బి.ఎ.సుబ్బారావు గారికి చెప్పారు. ఆయన అప్పుడు భీష్మ తీస్తన్నారు. ఎన్టీ రామారావు గారు భీష్ముడు, అంజలీదేవి అంబ. అందులో దుర్యోధనుడి వేషం ధూళిపాళకి ఇచ్చారు. గుంటూరు జిల్లా పల్లెల్లో పెట్రోమాక్సు వెలుతురులో నిలబడ్డ దుర్యోధనుడు అట్టా తెర మీదికి నడిచాడు. మరుసటేడు నర్తనశాల వచ్చింది. అందులో కూడా దుర్యోధనుడు ఆయనే. ఆ సినిమాలో ఎస్వీ రంగారావు గారి కీచకుడికి ఇండోనేషియాలో బహుమతి వచ్చింది, అందరూ దాని గురించే చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. అయితే సభలో కూర్చున్న ఆ దుర్యోధనుణ్ణి కూడా ఈసారి చూడండి. అరుపులు ఉండవు. గొంతు పెంచకుండానే గొప్పతనం చూపించడం తెలిసినవాడు.

ఇక అసలు సంగతికొద్దాం.

1966 సంక్రాంతికి శ్రీకృష్ణ పాండవీయం వచ్చింది. రామారావు గారే దర్శకుడు, కృష్ణుడూ దుర్యోధనుడూ ఆయనే. మాటలు రాసింది సముద్రాల రాఘవాచార్యులు గారు. ఆయనదీ మన జిల్లానే, రేపల్లె వైపు పెదపులివర్రు. అందులో ధూళిపాళ శకుని.

అంతకు ముందు శకుని అంటే మనకి తెలిసిన శకుని వేరు. మాయాబజారులో సి.ఎస్.ఆర్. గారు చేశారు, అద్భుతంగా చేశారు. నవ్వుతా నవ్వుతా కొంప ముంచే మామ. చూస్తే నవ్వొచ్చుద్ది. ఈ శకుని అట్టా కాదు. ఈ సినిమాలో శకుని వెనక కథ పెట్టారు. గాంధార రాజునీ ఆయన కొడుకుల్నీ కౌరవులు చెరలో పెట్టి మనిషికో మెతుకు చొప్పున తిండి పెట్టడం, అందరి మెతుకులూ ఒక్క శకునికి పెట్టి వాణ్ణి బతికించి మిగతా వాళ్లు చచ్చిపోవడం, తండ్రి ఎముకలతో పాచికలు చేసుకోవడం. వ్యాసుల వారి భారతంలో ఈ కథ లేదు. తిక్కన గారిలోనూ లేదు. జనం చెప్పుకున్న కథ అది. మా నాయనమ్మ కూడా చెప్పేది. పల్లెటూరి జనం మనసు చూడండి, ఎంతటి చెడ్డవాడికైనా ఒక కారణం ఉండి ఉంటదని వెతికి, వాడికో కథ కట్టి పెట్టారు.

ఆ కథ తెర మీద నిలబడాలంటే దాన్ని మోసే మనిషి కావాలి. ధూళిపాళ మోశారు. ఆ సన్నని కళ్లు చిట్లించి, ఒక భుజం కాస్త పైకెత్తి, నవ్వు పెదాల మీదే ఆపేసి చూసేవాడు. దుర్యోధనుడితో మాట్లాడేటప్పుడు గొంతులో ప్రేమ వినపడేది, కళ్లల్లో మాత్రం పగ. ఒకే మనిషిలో రెండూ ఒకేసారి. రెండు మైళ్ల అవతల టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని, ఇసకలో కూర్చుని చూశాం మేము. మా నాయనమ్మ జీవితమంతా శకునిని తిట్టిన మనిషి. ఎవరైనా కొంపలు కూల్చే మాట మాట్లాడితే వాడు శకునిరా అనేది. ఆ రాత్రి ఇంటికి నడిచొస్తా, పాపం వాడి తండ్రి ఎట్టా చచ్చాడో చూశావా అంది. ఒక నటుడు చెయ్యగలిగింది ఇంతకంటే ఏం ఉంటదిరా? వెయ్యేళ్లుగా తిట్టించుకుంటున్న మనిషి కోసం ఒక ముసలమ్మ చేత పాపం అనిపించాడు.

ఆ మరుసటేడే, 1967లో, నాగార్జున సాగర్ కుడి కాలవకి నీళ్లు వదిలారు. పల్నాడు మీదుగా ఇప్పటి ప్రకాశం జిల్లా దాకా కాలవ పారింది. జొన్నచేలు పోయినై, వరి వచ్చింది, మిరప వచ్చింది, తర్వాత పత్తి వచ్చింది. ఊళ్లకి కరెంటొచ్చింది, డబ్బొచ్చింది. టౌన్లలో కొత్త హాళ్లు లేచినై. నాటకాలు మెల్లగా తగ్గినై. సినిమా వచ్చి నాటకాన్ని చంపిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. సినిమాకి ఈ నటుల్ని ఇచ్చింది నాటకమే గదా. గుమ్మడి గారు, జగ్గయ్య గారు, సావిత్రి, జమున, అందరూ మన చుట్టుపక్కల స్టేజీల మీద నిలబడ్డాకే అటు పోయారు. నాటకం తగ్గింది ఎందుకంటే బళ్లల్లో పద్యం నోటికి నేర్పించడం మానేశారు. వెనక బండి మీద నించి పాదం అందించే మనిషి లేకుండా పోయాక, ముందు పాడే మనిషి మాత్రం ఎవరి కోసం పాడతాడు?

1977 సంక్రాంతికి ఇంకో వింత. ఒకే రోజున రెండు భారతాలు. ఇటు రామారావు గారి దానవీరశూర కర్ణ, అటు కృష్ణ గారి కురుక్షేత్రం. మా ఊరు రెండు ముక్కలైపోయింది. కర్ణలో మాటలు కొండవీటి వేంకటకవి గారివి. సత్తెనపల్లి ప్రాంతం విప్పర్ల ఊరాయన, సంస్కృతంలో పెద్ద పండితుడు. సినిమా నాలుగు గంటలకు దగ్గర దగ్గర నడుస్తుంది. ఆ సుయోధనుడి మాటలు ఊరూరా పిల్లలు బట్టీపట్టి ఒప్పజెప్పారు. ఆ సినిమాలో కూడా శకుని ధూళిపాళే. పదకొండేళ్ల తర్వాత మళ్లీ అదే వేషానికి అదే మనిషిని పిలిచారంటే అర్థం చేసుకోండి. ఇంకెవరి చేతిలో పాచికలు పెట్టినా జనం ఊరుకోరని వాళ్లకి తెలుసు.

అయితే నాకు ఒక బాధ ఉంది. సినిమా వాళ్లు ఆయన్ని శకుని దగ్గరే కట్టేశారు. మూడు వందలకు దగ్గరగా సినిమాలు చేశారు. తండ్రి వేషాలు, జమీందార్లు, పురోహితులు, ఋషులు. బాపు గారి బాలరాజు కథలో కూడా ఉన్నారు. చెయ్యాల్సినవన్నీ నీతిగా చేశారు గానీ, ఆయన లోపల ఉన్న ఆ దుర్యోధనుడికి, ఆ కీచకుడికి తగ్గ వేషాలు తర్వాత రాలా. పౌరాణికాలే తగ్గిపోతే వేషాలు ఎక్కణ్ణించి వస్తయ్? ఇరవై ఏళ్లు స్టేజీ మీద పండిన గొంతుతో నాలుగు ముక్కల తండ్రి మాటలు చెప్పించారు. అయినా ఆ నాలుగు ముక్కలూ ఆయన నోట్లోంచి వచ్చేటప్పుడు తెలుగు మాట శుభ్రంగా వినపడేది. అది చాలదా అంటే, నాకైతే చాలలా.

ఆఖర్న ఆయన చేసిన పని మామూలు పని కాదు. 2001లో, డెబ్బై ఎనిమిదో ఏట, సినిమా, ఇల్లు, పేరు అన్నీ వదిలేసి సన్యాసం తీసుకున్నారు. ధూళిపాళ అనే పేరే పోయింది. శ్రీ మారుతి సేవేంద్ర సరస్వతి అయ్యారు. మద్రాసులో కాదు, హైదరాబాదులో కాదు, గుంటూరొచ్చి మారుతీనగర్‌లో ఉన్నారు. అక్కడి ఆంజనేయస్వామి గుడిని మళ్లీ కట్టించి, ఆ స్వామి సేవలో గడిపారు.

అప్పుడు గుంటూర్లో జనం ఇదే మాట చెప్పుకునేవాళ్లు. కొంతమంది ఆశ్చర్యపోయారు, సినిమా మనిషికి ఇదేంటని. నాకు ఆశ్చర్యం అనిపించలా. పదమూడేళ్లకి వేదం కోసం ఇంట్లోంచి బయల్దేరిన పిల్లాడు. మధ్యలో నాటకం పిలిచింది, పోయాడు. సినిమా పిలిచింది, పోయాడు. ఆ పిలిచిన వాళ్లందరి బాకీ తీర్చేసి, మొదట బయల్దేరిన దారికే వచ్చి చేరాడు. నాటకాల్లో కిరీటం పెట్టడం ఎంత కష్టమో, తెర పడ్డాక దాన్ని తీసి పక్కన పెట్టడం అంతకంటే కష్టం. చాలామంది పెద్ద నటులు ఆ కిరీటంతోనే ఇంటికి పోతారు, ఇంట్లో కూడా రాజులమే అనుకుంటారు. ఈయన తీసి పక్కన పెట్టారు. శకునిలో అంత పగ చూపించిన మనిషి, తన లోపల ఏ పగా, ఏ ఆశా ఉంచుకోకుండా కాషాయం కట్టారు. ఇది నాకు ఆయన శకునికంటే పెద్ద సంగతి.

2007 ఏప్రిల్ 13న గుంటూర్లోనే పోయారు. ఎనభై నాలుగేళ్లు బతికారు.

ఒరే పెద్దోడా, ఇంకో రెండు కట్టెలు వెయ్యి. అమ్మాయ్, నువ్వు నిద్రపోతే పో, పక్క వేసే ఉంది. ఇంకా వినే వాళ్లకి ఒక మాట. మన చుట్టుపక్కల ఊళ్లల్లో ఆ రోజుల్లో వేషాలు కట్టిన వాళ్లు ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. అర్జునుడు కట్టినవాళ్లు, చంద్రమతి కట్టినవాళ్లు, హార్మోనీ వాయించినవాళ్లు. పళ్లు పోయినై గానీ గొంతులో పద్యం ఉంది. మీ అందరి చేతుల్లో ఫోన్లున్నయ్ గదా. ఆదివారం పోయి వాళ్ల పక్కన కూర్చోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్లో ఎవరి పక్కన ఆడారో అడగండి, పద్యం పాడమనండి, రికార్డు చెయ్యండి. వచ్చే సంక్రాంతికి అడుగుదాంలే అని ఆగబాకండి.